మూత మీది పేరు

"నువ్వు మూత సరిగ్గ పెట్టవు. బ్యాగంత చారే," అన్నాడు సంసోను.

"మూడేండ్ల సంది కారని చారు, ఈ నాలుగొద్దులే ఎందుకు కారుతున్నది? మీరే యాడనో గుద్ది సొట్ట పెట్టిండ్రు," అంది సంపూర్ణ, టిఫిన్ గిన్నెకు గుడ్డ బిగించి కడుతూ.

సంసోను మణుగూరు దగ్గర లారీల రిపేరు షెడ్డుకు ఇన్‌ఛార్జి. చారు వాసనతో అక్కడికి వెళితే అక్కడా మూత గొడవే. మెకానిక్ బాబూరావు టిఫిన్ మూత పోయి నాలుగు రోజులైంది.

"పేరు చెక్కించిన మూత సార్! పెండ్లిల పెట్టింది," అని రోజూ వచ్చి నిలబడుతున్నాడు. మధ్యాహ్నం అందరి గిన్నెలూ కడిగేది బొజ్జయ్య. అనుమానం అతని మీదికే పోయింది.

సంసోను విచారణ పద్ధతిగానే చేశాడు. పదకొండు మంది సంచులు బల్ల మీద దులిపించి, ఒక్కో మూతను వెలుతురుకు పట్టి 'బాబూరావు' అన్న అక్షరాల కోసం వెతికాడు. ఇన్‌ఛార్జి సంచి దులపమనే ధైర్యం ఎవరికుంటుంది? బొజ్జయ్య సంచిలో ఒక పాత లుంగీ దొరికింది.

"మూత తెచ్చేదాక పనికి రాకు."

"గిన్నె లేకుంట ఉత్త మూత ఎత్కపోయి నేనేం జేస్త సార్? పని పోతే ఇల్లెట్ల నడుస్తది?"

మాటలో న్యాయం ఉందని సంసోనుకు తెలుస్తూనే ఉంది. కానీ పదిమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటే ఇన్‌ఛార్జి ఎట్లా అవుతాడు?

రాత్రి అన్నాల దగ్గర, చారు మీద తండ్రి టిఫిన్ మూతే పెట్టి తెచ్చింది కూతురు స్తుతి. "అమ్మా, దీనిమీద నీ పేరున్నదే!"

"అది చూసే గద షెడ్డుల కడిగిన గిన్నెలల్ల నేను ఏరుకున్న," అన్నాడు సంసోను.

"నా పేరేంది?" అంది సంపూర్ణ. "ఇచ్చినోళ్ళ పేరు చెక్కిస్తరు గని, తీసుకున్నోళ్ళ పేరు చెక్కిస్తరా? నా గిన్నెలన్నిటి మీద మా అమ్మ పేరే, మరియమ్మ."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. సంసోను ఎడమ చేత్తో ఫోన్ అందుకున్నాడు.

"బాబూరావూ, నీ మూత మీద ఎవరి పేరు?"

"మా అత్త పేరు సార్. సంపూర్ణ."

"ముందే చెప్పొద్దా!"

"మీరు అడగలే గద సార్. ఎవరో మరియమ్మ మూత మాత్రం షెల్ఫు మీద ఉత్తగ పడున్నది."

"అమ్మమ్మ!" అని స్తుతి పకపకా నవ్వింది.

సంసోను ఫోన్ పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. "పొద్దుగాల బొజ్జన్న ఇంటికి పోయి నేనే బండి మీద తీస్కొస్త. అందరి ముందట నా సంచి బల్ల మీద దులుపుత. దొంగను నేనే అని చెప్త."

సంపూర్ణ చారు గరిటె పట్టుకుని, వడ్డించకుండా చూస్తూ నిలబడింది.

"నువ్వు మూత సక్కగనే పెట్టినవ్," అన్నాడు సంసోను, కంచంలోకి చూస్తూ.