ఇరుసు కందెన

నాలుగింటికి టపా బండి వస్తుంది. దాని మీద కాపలా కూర్చుని వచ్చే ఎజ్రా, నేల మీద కాలు పెట్టగానే చస్తాడు. ఈ సంగతి డార్బీ అనేవాడు ఎజ్రా పెళ్ళాం లవీనా వడ్డించిన చిక్కుడు గింజలూ, మొక్కజొన్న రొట్టే తింటూ ఆమెతోనే చెప్పాడు. సిగ్గూ శరమూ లేని మనిషి.

"నీ మీద నాకేం పగ లేదు వదినా. బండిలో ఇనప్పెట్టె ఉంది. మీ ఆయన ఒళ్ళో జంట గొట్టాల తుపాకీ ఉంది. ముందు దాని నోరు ముయ్యాలి కదా!"

"వదినా గిదినా అనకు. నీలాంటి మరిది నాకు లేడు."

"తిట్టినా రొట్టె మాత్రం బాగా కాల్చావు."

గోడ గడియారం రెండుంపావు చూపిస్తోంది. గుర్రాలు చూసుకునే ముసలాయన కొట్టంలో కాళ్ళూ చేతులూ కట్టేసి పడి ఉన్నాడు. ప్లాట్ నది ఒడ్డున, టపా బండి గుర్రాలు మార్చే ఆ మజిలీకి చుట్టూ ఏడు మైళ్ళలో ఇంకో గడప లేదు. వర్షం మొహం చూసి నెల దాటింది. లవీనాకి ఏడవాలని ఉంది కానీ, వీడి ముందు ఏడవడం ఆమెకి చచ్చినా ఇష్టం లేదు.

తలుపు పక్క మేకుకి వేలాడే ఆమె తండ్రి రివాల్వర్‌ని డార్బీ వస్తూనే లాక్కున్నాడు. ఇప్పుడు దాన్ని తిప్పి తిప్పి చూసి నవ్వాడు.

"ఇదేం తుపాకీ! గుళ్ళ చక్రం పైన ఇనప పట్టీయే లేదు. గొట్టాన్నంతా ఒక్క చీల పట్టుకునుంది. అది జారిందంటే మూడు ముక్కలు!" తన రివాల్వర్ బల్ల మీద పెట్టాడు. "ఇదీ తుపాకీ అంటే. గుళ్ళ చక్రం చుట్టూ కిటికీ చట్రంలా ఒకటే ఇనుము. దీంతో ఒకడి బుర్ర పగలగొట్టి, అదే ఊపులో ఇంకొకణ్ణి కాల్చాను. రవ్వంత వంగలేదు."

అతను చెప్పింది నిజమే. లవీనా సెయింట్ జోసెఫ్‌లో తుపాకులు బాగుచేసే కొట్లో పుట్టి పెరిగింది. బలానికైతే పట్టీ ఉన్నదే మేలని తండ్రి కూడా అనేవాడు. ఆ వెంటనే ఇంకో మాట అనేవాడు: దాని చక్రం తిరిగే ఇరుసు మరీ సన్నం, మందు మసి పట్టిందంటే మొండికేస్తుంది. పట్టీ లేనిదానికి ఇరుసు బొటనవేలంత లావు, పైగా కొవ్వు నిలవడానికి గాడులు. ఎంత కాల్చినా తిరుగుతూనే ఉంటుంది.

"యుద్ధంలో ఎక్కడున్నావు?" అని అడిగింది.

"మిస్సోరీ అడవుల్లో, మా దండులో. నడుముకి నాలుగు తుపాకులు, జీనుకి రెండు. ఒకటి ఖాళీ అయితే ఇంకోటి లాగడమే. గుర్రం మీద మందు కూరుకుంటూ కూర్చుంటే బతికేదెవడు?"

"మరి మిగతావేవీ?"

"తిండికి అమ్ముకున్నాను. ఇదొక్కటే మిగిలింది."

లవీనా మనసులో లెక్క వేసుకుంది. అయితే ఈ మహావీరుడు ఒకే తుపాకీతో వరసగా ఆరు గుళ్ళకి మించి ఎన్నడూ కాల్చి ఉండడు. వాడి తుపాకీ సంగతి వాడికే పూర్తిగా తెలియదు.

"బలం సరే, గురి మాటేమిటి? మా నాన్నది చేతిలో పెడితే వేలు చూపించినట్టు ఉంటుంది. నీది ఎద్దులా ఉంది. ఎద్దుతో గురి చూడలేం కదా!"

డార్బీ మొహం ఎర్రబడింది. తుపాకీని అంటే వాణ్ణి అన్నట్టే. ఆమెని ముందు నడిపించి, కంచె కర్ర మీద ఖాళీ డబ్బాలు వరసగా పెట్టించాడు. గాలి పడమటి నుంచి వీస్తోంది. పడమటి నుంచి వచ్చే బండికి ఈ చప్పుడు వినపడదని వాడికీ తెలుసు.

ముందు ఆమె తండ్రి రివాల్వర్‌తో డార్బీయే కాల్చాడు. ఆరు గుళ్ళకి అయిదు డబ్బాలు ఎగిరిపోయాయి. తరవాత తన దానితో కాల్చాడు. మూడే.

"ఎద్దు," అంది లవీనా.

"నోరు ముయ్!" అమ్ముకున్న తుపాకుల బదులు జేబులో నింపి ఉంచుకున్న ఇంకో చక్రం తీసి మార్చాడు. మళ్ళీ ఆరు. ఈసారి నాలుగు పడ్డాయి. మూడో చక్రం పెట్టేటప్పుడు ఇరుసు లాగడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది. అయినా ఆగలేదు, ఆరో డబ్బా కూడా పడితేగానీ పౌరుషం చల్లారలేదు. "చూశావా!" అన్నాడు. చూశాను బాబూ అనుకుంది లవీనా, మొత్తం పద్దెనిమిది గుళ్ళు.

లోపలికొచ్చి ఒక చక్రంలో మందూ గుళ్ళూ కూరి బిగించాడు. తిప్పబోతే కిర్రుమంది. డార్బీ మొహంలో నవ్వు పోయింది.

"కొవ్వు ఇవ్వు."

పంది కొవ్వు జాడీ వాడి వీపు వెనకే, పిండి సంచీ పక్కన ఉంది. తల తిప్పితే కనిపిస్తుంది. 

"నువ్వు తిన్న రొట్టెలోనే అయిపోయింది." తలుపు దగ్గరున్న బకెట్ తెచ్చి ముందు పెట్టింది. "కందెన ఉంది, కావాలంటే."

డార్బీ వాసన చూశాడు. "తారు వాసనేస్తోంది."

"బండి చక్రాలు రోజూ దీంతోనే తిరుగుతున్నాయి. నీ చిట్టి చక్రం తిరగదా ఏమిటి?"

ఆమె కళ్ళలోకి చాలాసేపు చూశాడు. తరవాత వేలితో తీసి ఇరుసుకి పట్టించి తిప్పాడు. చక్రం వెన్నలా తిరిగింది.

 మసితో తారు కలిస్తే జిగురై బిగుసుకుంటుందని, తుపాకీకి కందెన రాసి తెచ్చిన ప్రతివాణ్ణీ తండ్రి తిట్టడం లవీనా విన్నది. ఎంతసేపటికి బిగుసుకుంటుందో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. డార్బీ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, ఎండ పడే కిటికీ పక్కన కూర్చున్నాడు. లవీనా గడియారం చూస్తూ కూర్చుంది. అరగంట అంత పొడుగుంటుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా దుమ్ము కనిపించింది. డార్బీ ఆమెని గుమ్మంలో నిలబెట్టి, తను తలుపు వెనక నిలబడ్డాడు. "నవ్వు వదినా. అరిచావంటే ముందు నువ్వే."

బండి ఆగింది. ఎజ్రా తుపాకీ మోచేతి మడతలో పెట్టుకుని దిగాడు. మొహమంతా దుమ్ము, పళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. "ఏమే, కాఫీ ఉందా? గొంతెండిపోతోంది!"

డార్బీ ఆమెని తోసుకుని వాకిట్లోకి వచ్చాడు. తుపాకీ ఎత్తి సుత్తిని బొటనవేలితో లాగాడు. చక్రం తిరిగితేగానీ సుత్తి పూర్తిగా వెనక్కి రాదు; అది కొంచెం కదిలి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. రెండో చెయ్యి కూడా వేశాడు. అతని మొహం మీదికి వచ్చిన ఆశ్చర్యాన్ని లవీనా దగ్గర నుంచి చూసింది. దండులో నడుముకి నాలుగు తుపాకులున్న రోజుల్లో అయితే ఇంకోటి లాగేవాడే.

"కాల్చు ఎజ్రా!" అని అరిచింది.

ఎజ్రా రెండు గొట్టాలూ పేల్చాడు.

తరవాత చాలాసేపు గుర్రాల్ని పట్టుకోవడమే సరిపోయింది బండివాడికి. ఎజ్రా కింద పడ్డ రివాల్వర్ తీశాడు. సుత్తి లాగి చూశాడు. గట్టిగా లాగాడు.

"ఇది రావట్లేదే. బిగుసుకుపోయింది."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పచ్చు. కానీ ఆ మనిషితో ఆమె ఎప్పుడూ అబద్ధమాడలేదు. "నువ్వు కాల్చకముందే."

నేల మీద చచ్చి పడి ఉన్న డార్బీ వంక చూశాడు ఎజ్రా. పాతికేళ్ళుంటాయేమో. "తుపాకీ పేలదని ఒక్క కేక వేసుంటే, పట్టుకుని కట్టేసేవాణ్ణి కదే! సరిపోయేది కదా!"

"సరిపోయేదేమో," అంది లవీనా. ఇప్పుడు ఏడుస్తోంది. "అందులో ఆరు గుళ్ళున్నాయి. ఆ 'ఏమో' మీద నీ ప్రాణం పెట్టలేకపోయాను."

ఎజ్రా ఆ తుపాకీని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు, చేతిలోనే పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాడు.