ఆగ్నేయంలో నీలం

మధ్యాహ్నం... ఆ గదిలోకి వెలుతురు నీలంగా దిగుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో, మేడ మీద ఒకే గది. జల్లు కొట్టకుండా కిటికీకి కట్టిన నీలం టార్పాలిన్. ఆ నీలంలో పాప ముఖం. ఆ నీలంలో పద్మలత భయం — ఒళ్లు మళ్లీ కాలుతోందా?

ఆమె భర్త యోగేందర్ బొమ్మలు వేస్తాడు.

చెట్టు వేయడు. మనిషిని వేయడు. త్రికోణం. చతురస్రం. ఒక గీత... రంగు మీద రంగు, ఏళ్ల తరబడి.

"ఇదేందన్నా, ముగ్గా?" అంటారు చూసినవాళ్లు.

"నీలం," అంటాడు. అంతే.

పద్మలత చదువు సగంలో ఆగింది. ఆ గీతలకి అర్థమేంటని ఆమె ఏనాడూ అడగలేదు. ఆ నీలం చూస్తే గుండె దడ తగ్గుతుందని మాత్రం ఒకసారి చెప్పింది. ఆ మాట మీదే బతికాడు.

మొదటిసారి ఒక బొమ్మ అమ్ముడుపోయింది. కొన్న సాంబమూర్తి గారు ఎల్బీనగర్‌లో కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి రమ్మన్నారు. యోగేందర్ ఇస్త్రీ చొక్కా తొడిగాడు. పాపను పద్మలత ఎత్తుకుంది.

బొమ్మ హాల్లో లేదు.

పూజగదిలో ఉంది.

నాలుగు మూలలా పసుపు, కుంకుమ. పైన బంతిపూల దండ. ముందు దీపం.

"ఈ యంత్రం ఏ సిద్ధాంతి గారు గీశారండీ అని వచ్చినవాళ్లంతా ఒకటే అడగడం!" సాంబమూర్తి గారి భార్య ఇంద్రాణి మురిసిపోయింది. "ఇది కొని తెచ్చిన రోజే మా మనవరాలికి జ్వరం జారిపోయిందమ్మా, నమ్ముతావా?"

జ్వరం.

భుజం మీద పాప... వెచ్చగా.

పద్మలత వేలు తనను అడక్కుండానే కదిలింది. బొమ్మ మీది కుంకుమ తీసి పాప నుదుట పెట్టింది. కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి యోగేందర్ చూస్తున్నాడు. బొమ్మను కాదు. ఆమెను.

"మావాళ్లకి ఇంకో నాలుగు కావాలయ్యా," సాంబమూర్తి గారు వీపు తట్టారు. "కానీ ఆ కింద కుడి మూల ఆగ్నేయం కదా, నీలం పెట్టావేంటి? నిప్పుల్లో నీళ్లు పోస్తారటయ్యా ఎవరైనా! ఎరుపు వెయ్యి."

కాదంటాడనుకుంది పద్మలత.

"సరే సార్."

దారి పొడుగునా మెట్రో స్తంభాల నీడలు.

మర్నాడు కొత్త కాన్వాసు. త్రికోణం. చతురస్రం. కింద కుడి మూల ఖాళీ... కుంచె అక్కడ ఆగింది.

"జర నీలమే ఉండనీ," అంది పద్మలత. సగం గొంతులోనే.

"నువ్వు గూడ మొక్కినవ్ గదా, పద్మా."

కోపం లేదు. ఉన్నా బాగుండేది.

ఎరుపు పూశాడు.

పాప మూలిగింది. పద్మలత చెయ్యి చాచి ఒళ్లు చూసింది... కాలుతోందో — లేదో —

నీలం వెలుతురులో ఆ ఎరుపు నల్లగా కనబడింది.