దేవవ్వ గడప ముందు కూర్చున్న గంగమ్మ

వరద రక్షణ సార్లూ, మీకు సిగ్గుందా? నీళ్లను ఆపుతుందని మా కళ్ల ముందే రుజువు చేసి, వానలు పడబోయే ముందు ఆ గొట్టాన్నే లారీలో వేసుకుపోతారా? ఆపకపోతే ఎత్తుకుపోవాలి గానీ, ఆపినందుకు ఎత్తుకుపోవడమేంటి?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మా ఊరు కందకుర్తికి ఇవతల, మంజీర ఒడ్డున ఉంది. పోచంపాడ్ డ్యామ్ నిండి నీళ్లు వెనక్కి తన్నాయంటే మొదట దాటేది దేవవ్వ గడపనే. ఆమె బీడీలు చుట్టి బతుకుతుంది. పోయిన వానాకాలం ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. "తునికాకు నానవెట్టే పని తప్పింది తియ్" అని నవ్వింది గానీ, ఆకుతోపాటు బియ్యం నానాయి, బట్టలు నానాయి, వెనక గోడ సగం కూలింది. ఇంకోసారి వస్తే మిగతా సగం ఉండదు. ఇల్లే ఉండదు.

ఈ ఎండాకాలం ఇంజినీరు రాజేష్ సారు బోధన్ నుంచి పెద్ద ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. ఇంటి చుట్టూ పరిచి నీళ్లు నింపితే అదే కట్ట అవుతుందట.

"నీళ్లను ఆపనీకి నీళ్లేనా సారూ?" అంది పక్కింటి శంకరమ్మ.

దేవవ్వ ఇంటి చుట్టూ పరిచి మోటారు పెట్టి నింపేసరికి గొట్టం చెరకు తోటలో పడి మేసిన బర్రెలా నడుమెత్తు ఉబ్బింది. సారుకు మన పద్ధతులంటే మహా గౌరవం. దానికి పసుపు కుంకుమ పెట్టించి, కొబ్బరికాయ కొట్టి, మైకు పట్టుకున్నాడు. "ఇది గొట్టం కాదు. మిమ్మల్ని కాపాడటానికి వచ్చిన గంగమ్మ తల్లి!" చప్పట్లు కొట్టాం.

పరీక్ష కోసం గల్లీకి అడ్డంగా మట్టి పోసి, ట్యాంకర్లతో నీళ్లు వదిలారు. బయట మోకాలి లోతు నిలిచాయి. లోపల దేవవ్వ గడప మీద కూర్చొని బీడీలు చుట్టింది. ఒక్క ఆకు తడవలేదు. సార్లు ఫొటోలు దిగి వెళ్లిపోయారు.

పరీక్ష అయిపోయిందని, మర్నాడు గొట్టాన్ని తీసుకుపోవడానికి లారీ వచ్చింది. డ్రైవరు భూమేష్ గొట్టం మూత తిప్పబోయాడు.

"ఆగు బిడ్డా. తల్లిని గట్ల లేపుతరా?" అంది దేవవ్వ.

"తల్లేంది అవ్వా? గొట్టమే గదా."

"మీ సారే మైకుల చెప్పిండు. కొబ్బరికాయ కొట్టి కూసోవెట్టిండు. వరద కోసం వచ్చిన తల్లిని వరద రాకముందే సాగనంపుతరా? వరదొచ్చి తిరిగి పోయినంక, బోనం వెట్టి లేపుదురు. లేదంటవా, తిప్పు. పిల్లలున్నోనివి, నీ ఇష్టం."

భూమేష్ చేయి వెనక్కి తీశాడు. కూలీలు చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డారు. రాజేష్ సారుకు ఫోను చేశారు, సారు వచ్చాడు.

"అవ్వా, నేనేదో ఊరికే అన్నాను..."

"ఊకెనే అన్నవా? తల్లిని వట్టుకొని ఊకెనే అన్నవా? ఓ శంకరమ్మా, విన్నవా?"

గల్లీ ఆడవాళ్లంతా చెంపలేసుకున్నారు. సారు మూతను చూశాడు. మూత మీద తాను పెట్టించిన కుంకుమను చూశాడు. చెమట తుడుచుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఒక దండం పెట్టి జీపెక్కాడు. లారీ ఖాళీగా పోయింది.

సాయంత్రం శంకరమ్మ గుసగుసగా అడిగింది. "నిజంగ తల్లేనా అక్కా?"

"ప్లాస్టిక్కే. పొద్దుగాల కుక్క కాలెత్తింది, నేనేమన్న అన్ననా? గా సారుకైతే చెప్పకు."

ఇప్పుడు సార్లు సోమవారం పంతులును వెంటేసుకొని వస్తారట, గొట్టానికి ఉద్వాసన చెప్పించడానికి! సార్లూ, పంతులు వద్దు. ఆ గొట్టాన్ని ముట్టుకోవద్దు. పరీక్ష అయిపోయింది, పని మొదలుపెట్టండి. ముందు దేవవ్వ వెనక గోడ కట్టించండి. తొలి వాన పడేలోగా గల్లీలో ప్రతి ఇంటికీ గొట్టం తెండి. లారీ రానివ్వండి, మేమేం వద్దనడం లేదు. కానీ నిండుగా రావాలి, ఖాళీగా పోవాలి.