పసుపు సంచి వాయనం

నలభై సంచులకు నలభై చీటీలు అంటించడానికి అరగంట చాలు. మధ్యలో ఒకసారి లేచి మామకు కాఫీ ఇచ్చి, ఇంకోసారి లేచి అత్త కళ్లజోడు వెతికి, మరోసారి లేచి "శ్రీలతా, నా చార్జర్ యాడుండాది?" అని అరిచిన మొగుడికి అది ఆయన మోచేతి పక్కనే ఉందని చూపించి వచ్చి కూర్చుంటే మాత్రం రెండు గంటలు పడుతుంది. ఆ సాయంత్రం నాకు రెండు గంటలే పట్టింది. సంచులు మా ఆసుపత్రివి, పసుపుపచ్చవి, మీద ప్రమాదమని ఇంగ్లీషులో రాత, మూడు కొమ్ముల గుర్తు. నెత్తురంటిన దూది, కట్లు, కాన్పులో పడిన మాయ అందులో వేసి మూతి కట్టి, రోజు విడిచి రోజు వచ్చే బండికి అప్పజెప్పాలి. సూదులు తెల్ల డబ్బాలోకి, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి. ఈ రంగులన్నీ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా ఆయన శివకుమార్ మేముండే ఆళ్లగడ్డలోనే బడిపంతులు. తడి చెత్త, పొడి చెత్త పాఠం పిల్లలకు ఎంతో బాగా చెబుతాడని పేరు. ఇంట్లో మాత్రం అరటిపండు తిని తొక్కను కిటికీ చువ్వల మధ్య పెడతాడు. అది ఏ రంగు డబ్బా కిందికి వస్తుందో నాకింతవరకూ తెలియలేదు.

నేను పనిచేసేది ఆళ్లగడ్డకు, చాగలమర్రికి నడుమ హైవే దిగి కొంచెం లోపలికి పోతే వచ్చే చిన్న సర్కారు ఆసుపత్రిలో, స్టాఫ్ నర్సుగా. ఈ చెత్త బాధ్యత ఎవరో ఒకరి పేరు మీద ఉండాలని నంద్యాల ఆఫీసు నుంచి కాగితం వచ్చిన రోజు డాక్టరు హర్ష మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. ఫార్మసిస్టు ఫోను తీశాడు. ల్యాబ్ టెక్నీషియను మైక్రోస్కోపులోకి తలదూర్చాడు, దాంట్లో స్లైడు కూడా లేదు. డాక్టరుగారు అందరినీ చూసి చివరికి నా దగ్గర ఆగారు. "సిస్టర్, మీరు చూసుకోండి. ఇంట్లో చేసేదే కదా. ఇక్కడ రంగులు ఎక్కువ, అంతే." ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. "మంచిదే. నీకు అలవాటైన పనేలే." నాకు ఒళ్లు మండింది. కానీ అప్పుడు పొయ్యి మీద కూర ఉంది. ఒళ్లు ఎంత మండినా కూర మాడకూడదు కదా, గరిటె తిప్పుతూ ఊరుకున్నాను.

నేను చీటీలు అంటించిన పొద్దే నంద్యాలలో ఈ పని మీద శిక్షణ. అయిపోయాక కొత్త సంచుల కట్ట చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారు. మా ఆసుపత్రికి బండి లేదు, నాకు బస్సుంది. కట్ట ఒళ్లో పెట్టుకుని ఇంటికి చేరాను. మరుసటి రోజు తీసుకుపోదామని, ఎలాగూ డ్యూటీలో కూర్చునే తీరిక ఉండదని, చీటీలు కూడా ఇంట్లోనే అంటించాను. ప్రతి చీటీ మీద ఆసుపత్రి పేరు, కింద నా సంతకం. ఆ తర్వాత కట్టను బీరువా మీద పెట్టాను.

మరునాడు మా ఇంట్లో ఆడబిడ్డ సుప్రియ శ్రీమంతం. ఇద్దరు కాన్పుకు రెడీగా ఉన్నారని నాకు సెలవు దొరకలేదు. సెలవు లేదని పనులు తగ్గలేదు. పిండి కలపడం, పూలు కట్టడం, గాజులు సైజుల వారీగా వేరు చేయడం, అన్నీ పొద్దుటికి ముందే అయిపోవాలి. మా ఆయనకు అప్పగించింది ఒకటే పని. పేరంటానికి వచ్చే ఆడవాళ్లకు వాయనం పెట్టి ఇవ్వడానికి సంచులు కొనుక్కు రావాలి. నాలుగు రోజులు గుర్తు చేశాను. నాలుగు రోజులూ "తెస్తా లేవే, అదేం పెద్ద పనా" అన్నాడు. పొద్దున్నే బస్సు వేళకు అత్త ఆసుపత్రి వాళ్లకని ఓళిగల డబ్బా నా చేతిలో పెట్టింది. దాన్ని పట్టుకుని పరుగెత్తడంలో బీరువా మీది కట్టను మరిచాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. ఈ మొత్తం కథలో నాదైన తప్పు ఆ ఒక్కటే.

మధ్యాహ్నం ఒక కాన్పు చేసి చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. మా దగ్గరికి వచ్చే చెత్త బండి డ్రైవరు వెంకటేశ్వర్లు.

"సిస్టర్, మీ సంచులు బస్సెక్కుతాండాయి."

"ఏ సంచులన్నా?"

"మాయ సంచులు. ఆళ్లగడ్డ బస్టాండులో ఉండా. చాగలమర్రి బస్సు కాడ ఇరవై మంది ఆడోళ్లు, పట్టు చీరలు కట్టుకోనుండారు. ఒక్కొక్కరి చేతిలో ఒకటి, నిండుగా. నా పదేండ్ల సర్వీసులో ఇన్ని మాయలు నవ్వుకుంటా పోయేది ఎప్పుడూ చూడలా."

"లోపల ఏముందో అడిగినావా?"

"అడిగినా. ఒక పెద్దామె చెయ్యి పెట్టి అరటిపండు తీసిచ్చింది."

"ఏం చేసినావు?"

"తింటి సిస్టర్. బాగుండాది." గొంతు తగ్గించాడు. "కానీ ఫోటో తీసి గ్రూపులో పెట్టేసినా. సంచి బయట కనపడితే పెట్టాలని రూలు గదా. చీటీ మీద మీ సంతకం సక్కంగా పడింది."

ఆ గ్రూపులో నంద్యాల ఆఫీసర్లందరూ ఉంటారు. ఫోను పెట్టేసి, భయపడాల్సింది పోయి, నేను నవ్వడం మొదలుపెట్టాను. పసుపు, కుంకుమ, తమలపాకులు, రవికె గుడ్డ, గాజులు, అన్నీ ప్రమాదకరమైన ఆసుపత్రి వ్యర్థాలని అచ్చేసిన సంచుల్లో. కడుపుతో ఉన్న పిల్లకు దీవెనలిచ్చి మాయ సంచులతో ఇంటికి పోతున్న ముత్తయిదువలు. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాను. మా ఆసుపత్రి ఊడ్చే దానమ్మ మాప్ కర్ర పట్టుకుని నన్నే చూసింది. "నవ్వకమ్మా. మెమో వస్తాది. మన నవ్వుకు కూడా సంజాయిషీ అడుగుతారు వీళ్లు."

దానమ్మ నోటి మాట పొల్లు పోదు. సంచులు కొత్తవేనని తేలినా మెమో వచ్చింది. ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి. డాక్టరు హర్ష నన్ను పిలిచి, తలుపు వేసి, చావు కబురు చెప్పినట్టు చెప్పారు. "తప్పు నాదే, ఇకపై జరగదు అని రాసి క్షమించమని అడిగితే వదిలేస్తారు సిస్టర్. కాదని వాదిస్తే మాత్రం నల్లమల పక్క పీహెచ్‌సీకి వేస్తారు. అక్కడ ఏడాదిగా నర్సు లేదు. రోజూ వచ్చిపోవడానికి కుదరదు, క్వార్టర్లోనే ఉండాలి. ఆలోచించుకోండి."

ఆలోచించుకుంటూనే బస్సెక్కాను. ఆ పీహెచ్‌సీ నాకు తెలియనిది కాదు. పోయిన ఏడు పిల్లల టీకాల కోసం రెండు రోజులు వేశారు. పగలంతా చెంచు గూడేల మధ్య నడక, కాళ్లు విరిగినంత పనైంది. సాయంత్రం ఆ క్వార్టర్లో పొయ్యి వెలిగించి టీ పెట్టుకున్నాను. ఒక్క గ్లాసు. పెళ్లయిన పదిహేడేళ్లలో పొయ్యి మీద ఒక్క గ్లాసు టీ కాగడం చూసింది అదే మొదలు. గడప మీద కూర్చుని తాగుతుంటే ఎవరూ పిలవలేదు. ఎవరి చార్జరూ పోలేదు. నాకు ఏడుపొచ్చింది, హాయిగా ఏడ్చాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కష్టంగా ఉందా అని మా ఆయన ఫోనులో అడిగితే, చాలా కష్టంగా ఉందన్నాను.

మెమో, బదిలీ సంగతి ముందే ఫోనులో చెప్పాను. ఇంటికి చేరేసరికి మా ఆయన తెల్లకాగితం, పెన్ను సిద్ధం చేసి కూర్చున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు సర్కారు సంచులు ఎవరు పంచారో ముందు తేల్చమన్నాను. అమ్మ తెలియక తీసింది అన్నాడు. మామ అంకన్న పేపరు వెనకనుంచి, "పోనీలేమ్మా, కొత్తవే గదా" అన్నాడు. ఆయన ఈ ఇంట్లో అన్నింటికీ పోనీలే అంటాడు, తన కాఫీకి తప్ప.

"నేను చెప్తా, నువ్వు రాయి" అన్నాడు మా ఆయన. "గౌరవనీయులైన అధికారిగారికి. నా అజాగ్రత్త వల్లనూ, మా అత్తగారి తెలివితక్కువతనం వల్లనూ..."

వంటింట్లో చపాతీ కర్ర చప్పుడు ఆగిపోయింది. మా అత్త నరసింహమ్మ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవురిదిరా తెలివితక్కువతనం? బీరువా మీద నుంచి తీసిచ్చింది నువ్వు గాదా? పేరంటాండ్లు లేచి నిలబడినాంక సంచులు మరిచిపోతినని నెత్తి కొట్టుకుంటివి. మూడు కొమ్ముల గుర్తుండాది, ఏందిరా ఇది అని నేనడిగితే, త్రిశూలం మా, యాగంటి దేవళం సంచులు అంటివే. నాకంటే ఇంగ్లీషు రాదు. నీకు రాదా?"

నలభై ఆరేళ్లుగా ఆ ఇంట్లో కొడుకును పల్లెత్తు మాట అనని మనిషి. మామ పేపరు దించాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమో, నాదే తప్పు అంటాడేమో అని చూశాను. నిజంగానే ఆశపడ్డాను.

"సరేలే, ఎవరు తీస్తే ఏంది" అన్నాడు. "సంతకం దీనిదే గదా. ఇదే ఒప్పుకుంటే పోతాది. లేకుంటే ఆ అడివికి తోస్తారు. ఈడ వంట ఎవరు చేస్తారు, నాయన మాత్రలు ఎవరు చూస్తారు, నా బడి టిఫను..."

నేను లేకపోతే ఏమేం ఆగిపోతాయో వేళ్లు మడిచి చెబుతున్నాడు. రెండు చేతుల వేళ్లూ చాల్లేదు. ఆ లెక్కలో నేనెక్కడా లేను. నాకే ఆశ్చర్యం, కోపం రాలేదు. నిదానంగా పెన్ను తీసుకుని నేనే రాశాను. సంచులు నంద్యాల నుంచి నా ఒళ్లో వచ్చాయని, చీటీలు నా ఇంట్లో, నా సమయంలో అంటించానని, ఆసుపత్రికి తీసుకుపోవడం మరిచింది నేనని, వాటిని వాయనానికి వాడింది ఇంగ్లీషు చదవడం వచ్చిన నా భర్త అని రాశాను. క్షమాపణ అడగలేదు. నల్లమల పీహెచ్‌సీలో నర్సు లేక జనం ఇబ్బంది పడుతున్నారని తెలిసింది కనుక నన్ను అక్కడికి వేయడానికి నాకెలాంటి అభ్యంతరమూ లేదని, వీలైతే ఈ నెలలోనే పంపమని రాసి సంతకం పెట్టాను.

మా ఆయన కాగితం లాక్కుని చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఇది సంజాయిషీనా, దరఖాస్తా?"

నేను సమాధానం చెప్పేలోపు అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అందరూ ఉండగా ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేట్టు అడిగింది.

"మే శ్రీలతా, ఆడ క్వార్టర్లో గది ఒకటేనా, రెండుండాయా?"

నేను మా ఆయన చేతిలోంచి కాగితం వెనక్కి తీసుకుని, సంతకం కింద ఇంకో వాక్యం చేర్చాను. "రెండు గదుల క్వార్టరు ఇప్పించవలసిందిగా మనవి."