గౌరి పోయాక సూర్యకళ చదివినవి

తాతాజీ పేరెత్తితే చాలు, సూర్యకళకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంట ఆవిడ దాచుకోలేదు. కొవ్వూరులో కూరగాయల బండి దగ్గరా, గోదావరి దాటి రాజమండ్రిలో బ్యాండుమేళం షాపుల దగ్గరా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పింది. నా గుర్రానికి మందు పెట్టి చంపాడు, వాణ్ణి ఊరికే వదిలిపెట్టను అని.

గౌరి తెల్ల గుర్రం. సూర్యకళ మొగుడు జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కాలు మూలపడ్డాక పెళ్ళి ఊరేగింపులకు గుర్రం తిప్పడం మొదలుపెట్టాడు, కొన్నాళ్ళకే గుండెపోటుతో పోయాడు. గుర్రాన్ని అమ్మేయమని చుట్టాలందరూ పోరారు. ఆవిడ వినలేదు. ఇంటర్ చదివిన ఆడమనిషి కొంగు నడుముకు బిగించి, కళ్ళెం పట్టుకుని ఊరేగింపులో నడుస్తుంటే జనం పెళ్ళికొడుకుని వదిలేసి ఆవిణ్ణే చూసేవాళ్ళు. గౌరిని కూడా దర్జాగానే పెంచింది. అన్నయ్య పెద్దిరాజు రైసుమిల్లులో గుమాస్తా, ఇక తవుడుకి కొదవేముంది? గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు. కళ్ళున్న గుర్రానికి ఇంకెంత పెట్టాలి? పొద్దునా సాయంత్రమూ గంపెడు తవుడు తడిపి పెట్టేది. గౌరి ఒళ్ళు నిగనిగలాడేది.

గోదావరి పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడు గౌరి ముఖం కొంచెం వాచింది. ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు కుంటేది. వైశాఖంలో, కొవ్వూరులోనే, ఒక పెళ్ళి ఊరేగింపులో ముందుకాలు విరిగి నడిరోడ్డు మీద కూలిపోయింది. పెళ్ళికొడుకు తలపాగాతో సహా కిందపడ్డాడు గానీ దెబ్బలేం తగల్లేదు. వెనకాల పెళ్ళికూతురెక్కిన బగ్గీ తాతాజీది. రాజమండ్రిలో పెళ్ళిళ్ళకు బగ్గీ, గుర్రమూ తిప్పేది అతనే. అతను గబగబా వచ్చి పెళ్ళికొడుకుని లేపి, దుమ్ము దులిపి, తన బగ్గీలో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత పెళ్ళివారితో పదిమందీ వినేలా ఒక మాటన్నాడు.

"ఆడాళ్ళ చేతికి గుర్రమిస్తే ఇంతేనండి."

నవ్వినవాళ్ళు నవ్వారు. బ్యాండు ఆగలేదు. కాళ్ళు కొట్టుకుంటున్న గుర్రాన్ని చుట్టి ఊరేగింపు ముందుకు వెళ్ళిపోయింది. సూర్యకళ గౌరి తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చుంది. పశువుల డాక్టరు వచ్చి, ఇక లాభం లేదని సూది వేసి దాని బాధ ముగించాడు. ఎందుకిలా అయిందని అడిగితే, తన దగ్గరికొచ్చేవన్నీ గేదెలేననీ, గుర్రాల సంగతి అంతగా తెలియదనీ ఉన్నమాట చెప్పాడు.

శివరాత్రి ముందు ఒక పెళ్ళిలో తాతాజీ గౌరి నోటికి ఏదో అందించడం ఆవిడ చూసింది. అడిగితే బెల్లం ముక్కన్నాడు. ఆవిడకు అదొక్కటి చాలు. కాని నోటిమాట ఎవరు నమ్ముతారు? ఫలానా విషం పెడితే గుర్రం ముఖం వాచి, కుంటి, ఎముక విరుగుతుందని చదువుకున్నవాళ్ళు ఎక్కడో రాసే ఉంటారు. ఆ కాగితం అచ్చు తీయించి ప్రతి బ్యాండు షాపు గోడకీ అంటించాలి. అప్పుడు తాతాజీ బగ్గీని ఏ పెళ్ళివారు పిలుస్తారో చూడాలి.

అలా రాజమండ్రి దేవీచౌక్ దగ్గర కిరణ్ కుమార్ ఇంటర్నెట్ సెంటర్‌కి ఆవిడ రాకపోకలు మొదలయ్యాయి. కిరణ్ కుమార్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, నెమ్మదస్తుడు. ఎక్కడ నొక్కాలో, ఎలా వెతకాలో చూపించి తన పని తాను చూసుకునేవాడు. ఆవిడ పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేది.

గుర్రమని కొడితే వచ్చేదంతా చెత్తే. పందేల వాళ్ళు, గుర్రపునాడా ఉంగరం వేసుకుంటే కలిసొస్తుందనే వాళ్ళు, సూర్యాస్తమయంలో పరుగెత్తే గుర్రాల బొమ్మలు పెట్టి కింద రెండు ముక్కల కవిత్వం రాసేవాళ్ళు. ఇంకా ముదుర్లు బలం మందుల డబ్బాలవాళ్ళు. మీ గుర్రానికి ఏ జబ్బున్నా అన్నిటికీ మా డబ్బా ఒక్కటే మందంటారు. వాటికి కూడా ఆవిడ మొదట్లో కళ్ళప్పగించింది. చదవగా చదవగా ఒక కిటుకు పట్టింది. సరుకు అమ్మేవాడి రాతలో ఎక్కడా తప్పు దొరకదు. గుర్రాన్ని నిజంగా పెంచినవాడి రాతలో ముందు వాడి తప్పే కనిపిస్తుంది. ఈ ఏడు గడ్డి తడిసింది నా బద్ధకం వల్ల, ఆ పిల్లగుర్రం నా చేతుల్లో పోయింది, అని రాసుకుంటాడు. అలాంటి పేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చదవదగ్గవి అవే.

అందులో ఒకటి ఆస్ట్రేలియాలో గుర్రాలను పెంచి, సవారీకి అద్దెకిచ్చే ఒక ముసలావిడ రాసేది. గుర్రాన్ని ఎప్పుడు పనికి పంపాలి, బేరానికొచ్చినవాడికి ఎప్పుడు లేదని చెప్పాలి, అన్నీ ఇంట్లో మనిషితో చెప్పినట్టు రాసేది. సూర్యకళకు ఆవిడంటే ఇష్టం పుట్టింది. గౌరి ఉండగా ఈ పేజీ దొరికుంటే ఎంత బాగుండేదనుకుంది. ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో, ముసలావిడ పాత రాతలు తిరగేస్తుంటే ఒకటి కంటపడింది. నా మొదటి గుర్రాన్ని నేనే చంపుకున్నాను అని మొదలైంది. ఇంటి పక్కన పిండిమిల్లు ఉండేదట. ఒళ్ళు మెరుస్తుందని తవుడే పెట్టిందట. తవుడు అతిగా తింటే ఒంటికి సున్నం చాలక, ఎముకల్లో ఉన్నది ఒళ్ళే లాగేసుకుంటుందట. ముఖం వాస్తుంది. ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు కుంటుతుంది. తర్వాత ఒక మామూలు అడుగుకే ఎముక విరుగుతుంది.

సూర్యకళ డిక్షనరీ తిరగేసి ప్రతి మాటా మళ్ళీ చూసింది. మార్చడానికేమీ లేదు.

తప్పు తనదని తెలిశాక మనిషికి కోపం తగ్గాలి. ఆవిడకు పెరిగింది. అంతవరకూ పగకు ఒక దారీ తెన్నూ ఉండేవి, ఇప్పుడవీ పోయాయి. మందు పెట్టకపోతే పెట్టకపోయాడు, ఆ మాటన్నది వాడే కదా! గౌరి కొట్టుకుంటుంటే పక్కనుంచి బగ్గీ తోలుకుపోయింది వాడే కదా! ఆడదాని చేతికి గుర్రమిస్తే ఏమవుతుందో చెప్పావు గదా, మగాడి చేతికిస్తే ఏమవుతుందో నేను చూపిస్తాను అనుకుంది. తవుడు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆషాఢం వెళ్ళకముందే తాతాజీకి కబురు పంపింది. నాకు గుర్రం లేదు, అన్నయ్య పంపే తవుడు పురుగు పట్టిపోతోంది, జరిగిందేదో జరిగింది, మీ తెల్ల గుర్రానికి పెట్టుకోండి అని. ఊళ్ళో తన మీద పడ్డ నింద తొలగిపోతుందని తాతాజీ ఎంతో సంతోషించి, స్వయంగా వచ్చి నమస్కారం పెట్టి మూటలు తీసుకెళ్ళాడు. ఆ తర్వాత వారం వారం మిల్లు నుంచి మూటలు నేరుగా అతనింటికే వెళ్ళేవి. ఆవిడ మాత్రం సెంటర్‌కి వెళ్ళడం మానలేదు. వాపు ఎప్పటికి పైకి తేలుతుంది, కుంటు ఎప్పుడు మొదలవుతుంది, అవే వెతుక్కుని చదివింది. శ్రావణం పెళ్ళిళ్ళలో తాతాజీ తెల్ల గుర్రం నిగనిగలాడుతూ నడిచింది. రోడ్డు పక్కన నిలబడి చూసి, ఆడించు తాతాజీ, ఇంకొన్నాళ్ళు ఆడించు అనుకుంది. కార్తీకంలో దాని దవడ మీద వాపు కనిపించిననాడు ఇంటికొచ్చి పాయసం వండుకుని తిన్నది. ఇలాంటి పాయసం ఎంత తీపిగా ఉంటుందో పగ పట్టినవాళ్ళకే తెలుస్తుంది.

మార్గశిరంలో ఒక మధ్యాహ్నం ఆవిడ సెంటర్లో కూర్చునుండగా తాతాజీ ఆ గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చి, బయట కరెంటు స్తంభానికి కట్టి లోపలికొచ్చాడు. మనిషి సగమైపోయాడు. బయట గుర్రం ఒక కాలు నేలకు ఆనించకుండా నిలబడింది.

"మీరు గుర్రాల సంగతులన్నీ చదువుతున్నారంట గదండి," అన్నాడు. "ఏంటండి దీనికి? మీ గౌరికీ ఇలాగే అయిందన్నారు. ఎవరైనా ఏదైనా పెడతారేమోనని కొట్టంలోనే పడుకుంటున్నానండి. బయటి మేత ఏదీ ముట్టనివ్వలేదు. మీరు పంపిన తవుడొక్కటే పెడుతున్నాను."

ఇన్ని నెలలూ ఆవిడ నూరిపెట్టుకున్న మాట నాలుక మీదే ఉంది. అనేసింది.

"మగాళ్ళ చేతికి గుర్రమిచ్చినా ఇంతేనండి."

కిరణ్ కుమార్ తలెత్తి చూశాడు. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందనీ, ఇంటికెళ్ళి భార్యతో చెప్తే ఆవిడ కూడా తిట్టిందనీ, క్షమాపణ అడుగుదామంటే అప్పటికే నేను మందు పెట్టానని మీరు ఊరంతా చెప్పారనీ తాతాజీ తల వంచుకుని చెప్పాడు. ఇన్నాళ్ళూ ఈ ఘడియ కోసమే ఆవిడ బతికింది. తీరా వచ్చాక నోట్లో ఏ రుచీ తగల్లేదు. బయట నిలబడ్డ గుర్రం ఆవిణ్ణి ఏనాడూ ఏ మాటా అనలేదు. ఊరంతా తిరిగి తాతాజీ చేశాడని చెప్పిన పని, చేసింది తనే.

"తవుడు ఆపేయండి," అంది. "దానివల్లే."

"తవుడు వల్లనా? ఎప్పుడు తెలిసిందండి మీకు?"

అబద్ధం చెప్పడానికి ఆవిడకు తోవ ఉంది. చెప్పలేదు.

"మీకు మూటలు పంపకముందే."

తిడతాడనుకుంది, కొట్టినా కొడతాడనుకుంది. కొడితే బాగుండుననిపించింది. తాతాజీ బయట గుర్రం వైపు చూశాడు, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు.

"మీ గౌరికి నేనేం పెట్టలేదండి."

"తెలుసు."

"దీన్ని బతికించే సంగతి అందులో రాసుందా?"

ఉందని ఆవిడ తలూపింది. అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"చదవండి. నాకు ఇంగ్లీషు రాదు."

సూర్యకళ ముసలావిడ పేజీ తెరిచింది. మొదటి వాక్యం తెలుగులో చెప్పింది. తవుడు పూర్తిగా మానేసి పచ్చగడ్డి వేయాలి. తాతాజీ కిరణ్ కుమార్ వైపు తిరిగి, నిజంగా అదే రాసుందా బాబూ అని అడిగాడు. కిరణ్ కుమార్ లేచొచ్చి, వంగి చదివి, అదేనండి అన్నాడు. సున్నపురాయి పొడి మేతలో కలపాలని ఆవిడ రెండోది చెప్పింది. తాతాజీ మళ్ళీ కిరణ్ కుమార్ వైపే చూశాడు. కిరణ్ కుమార్ మళ్ళీ వంగాడు. ఎముక గట్టిపడేదాకా వీపు మీద ఎవరినీ ఎక్కించకూడదని మూడోది చెప్పి, ఈసారి అతను అడగకముందే సూర్యకళ పక్కకు జరిగి కిరణ్ కుమార్‌కి చోటిచ్చింది.