ఎనిమిదింటి ఎర్రగుడ్డ

చక్రాల ఇళ్ళు నిలుపుకునే ఆ పార్కులో ఒంటరిగా ఉండేవాళ్ళు రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా తాము బతికే ఉన్నామని చెప్పుకోవాలి. నోటితో కాదు, గుడ్డతో. లేవగానే బండి పక్కనుండే అద్దానికి ఎర్రగుడ్డ కట్టాలి, సాయంత్రం విప్పి మెట్టు కింది డబ్బాలో పడెయ్యాలి. గుడ్డ కనపడకపోతే తలుపు కొడతారు. ఒక శీతాకాలంలో మూడుసార్లు గుడ్డ తప్పితే ఆఫీసు నుంచి పిల్లలకు ఫోను వెళుతుంది. ఫోను వెళ్ళిన ముసలివాళ్ళెవరూ మరుసటి ఏడు తిరిగి రాలేదు.

నాలుగో వరసలో గుడ్డలు చూసి పుస్తకంలో టిక్కు పెట్టే పని ఆర్లిస్‌ది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. మొగుడు పోయాక అయోవాలో ఇల్లు అమ్మేసి చక్రాల ఇంట్లోకి మారింది. ఏటా మంచు పడకముందే టెక్సస్ దక్షిణపు కొసన ఉన్న ఈ పార్కుకు దిగిపోతుంది. పని చేతికిస్తే ప్రాణం పెట్టి చేసే రకం, ఆ సంగతి తనే పదిమందికీ చెప్పుకునే రకం కూడా.

పక్క బండి వెర్లిన్‌ది. డకోటాలో ధాన్యం గోదాముల్లో నలభై ఏళ్ళు బస్తాలు మోసినవాడు, ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డాడు. పదకొండేళ్ళుగా ఆ బండే ఇల్లు, వాకిలి అన్నీ. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ పేకాడేవారు. వెర్లిన్ తొండి ఆడేవాడు, ఆర్లిస్ తిట్టేది, ఆ తిట్టు కోసమే ఆడేవాడేమో.

జనవరికే వెర్లిన్‌కి రెండు తప్పులు పడ్డాయి. బీపీకి కొత్త మాత్ర ఇచ్చారు, అది వేసుకుంటే తెల్లవారినా మెలకువ రాదు. రెండోసారి ఆర్లిస్ తలుపు బాదితే జుట్టు రేగిపోయి, కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"చచ్చాననుకున్నావా?"

"అనుకున్నా. పీడా పోయిందని సంతోషించా కూడా."

అతను నవ్వలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. "ఇంకోటి పడితే మా డారెల్‌కి ఫోను వెళ్తుంది. వాడు ఫార్గోలో ముసలోళ్ళ హాస్టల్లో గది కూడా చూసిపెట్టాడు. కిటికీలోంచి చూస్తే ఏం కనిపిస్తుందో తెలుసా? ఇంకో కిటికీ."

"వెళ్ళు మరి. వేడివేడి సూపు పోస్తారు."

"ఆర్లిస్, ఈసారి నేను లేవకపోతే ఆ గుడ్డేదో నువ్వే కట్టేద్దూ. నీకు పుణ్యముంటుంది."

"నోరుముయ్," అంది ఆర్లిస్. కట్టనని మాత్రం అనలేదు.

ఫిబ్రవరి మొదటి మంగళవారం పంపరపనస తోటకి వెళ్ళాలి. కోతలయ్యాక చెట్లకు మిగిలిన పళ్ళు ఏరి, లేనివాళ్ళకు పంచడానికి చర్చిలో ఇచ్చివస్తారు. బస్సు గేటు దగ్గర హారన్ మోగిస్తోంది. పుస్తకం తీసుకెళ్ళడానికి మేనేజరు గేలెన్ వరస చివర దాకా వచ్చేశాడు. వెర్లిన్ అద్దానికి గుడ్డ లేదు.

ఆర్లిస్ తలుపు కొడదామని చెయ్యెత్తింది. కొడితే గేలెన్‌కి వినపడుతుంది. వింటే మూడోది పడుతుంది. అంతలో లోపల ఏదో తట్టినట్టు చప్పుడైంది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. హమ్మయ్య, లేచాడు ముసలాడు అనుకుంది. గేలెన్ బస్సు వైపు తిరగ్గానే వంగి డబ్బాలోంచి గుడ్డ తీసి అద్దానికి గట్టిగా ముడేసింది. పుస్తకంలో టిక్కు పెట్టి గేలెన్ చేతికిచ్చి, పరుగులాంటి నడకతో బస్సెక్కింది. తోటలో రోజంతా ఆమె మనసు హాయిగా ఉంది. ఒక మనిషిని గండం నుంచి తప్పించానని లోలోపల మురిసిపోయింది.

తిరిగొచ్చేసరికి నాలుగైంది. వెర్లిన్‌కని రెండు మంచి పళ్ళు ఏరి తెచ్చింది. గుడ్డ ఆమె వేసిన ముడితోనే ఊగుతోంది. బయట కుర్చీ వెయ్యలేదు, పేక ముక్కలు లేవు. తలుపు కొట్టింది, పిలిచింది. ఎదుటి బండి లవోన్ గిన్నె తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"లోపలే ఉన్నాడే. పదింటప్పుడు గోడ మీద ఏదో తడుతున్నాడు. మళ్ళీ ఆ దిక్కుమాలిన పంపు విప్పుతున్నాడు కాబోలు అనుకున్నా. గుడ్డ ఉంది కదా అని..."

ఆర్లిస్ చేతిలోని పళ్ళు కింద పడ్డాయి. గేలెన్ వచ్చి గడియ విరగ్గొట్టాడు. స్నానాల గది గుమ్మంలో వెర్లిన్ పక్కకి పడి ఉన్నాడు. తుంటి విరిగింది. పెదాలు ఎండి పగిలిపోయాయి. చేతికందిన చెంచాతో గోడ మీద కొట్టినట్టున్నాడు, అది ఇంకా పిడికిట్లోనే ఉంది.

ఆసుపత్రిలో గేలెన్ మంచం పక్కనే నిలబడి అడిగాడు, "ఎప్పుడు పడ్డావు?"

"తొమ్మిదింటికి. గుడ్డ కట్టొచ్చాకే," అన్నాడు వెర్లిన్.

గేలెన్ తల పంకించి వెళ్ళిపోయాడు. అప్పుడు వెర్లిన్ ఆర్లిస్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆరింటికి పడ్డాను. నీ అడుగులు విన్నా. పిలిచా, గొంతు లేవలేదు. ముందు కిటికీలోంచి నీ చెయ్యి అద్దం దగ్గర కనపడింది." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నేనడిగిందేగా చేశావు. ఏడవకు."

అన్ని గంటలు అలా పడి ఉండేసరికి మూత్రపిండాలు పాడైపోయాయన్నారు. నాలుగో రోజు పోయాడు.

బండి తీసుకెళ్ళడానికి డారెల్ వచ్చాడు. తండ్రి భుజాలే వచ్చాయి అతనికి. "ఎవరి తప్పూ లేదండీ. గుడ్డ కట్టాక పడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. కానీ ఆర్లిస్ ఊరుకోలేకపోయింది. "గుడ్డ కట్టింది నేను, డారెల్. మీ నాన్న అప్పటికే రెండు గంటలుగా కింద పడి ఉన్నాడు. చప్పుడు విని కూడా లేచాడనుకుని వెళ్ళిపోయాను."

డారెల్ అద్దం వైపు చూశాడు. "ఎందుకు కట్టారు?"

"మీకు ఫోను వెళ్తుందని."

అతను వాళ్ళ నాన్న కూర్చునే మెట్టు మీదే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆర్లిస్‌ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆమెకనిపించింది.

ఆ ఆదివారం వరసలో అందరినీ కూడగట్టి ఆమె ఆ మాటే మళ్ళీ చెప్పింది. పుస్తకం లవోన్‌కి అప్పగించింది. "గుడ్డ ఉన్నా తలుపు కొట్టండి. పలికేదాకా కొట్టండి. మీకు దణ్ణం పెడతా," అంది. అందరూ తలలూపారు. లవోన్ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఏడున్నరకి ఆర్లిస్ తన గుడ్డ కట్టుకుంది. లోపలికొచ్చి తలుపు వేసుకుని, స్నానాల గది గుమ్మంలో నేల మీద కూర్చుంది. ఎనిమిదింటికి గులకరాళ్ళ మీద అడుగులు వినపడ్డాయి. తలుపు దాకా వచ్చి ఆగాయి. పెన్సిలు గీసిన చప్పుడు కూడా వినపడింది. తర్వాత అడుగులు అవతలి బండి వైపు వెళ్ళిపోయాయి.