చివరి గడిలో చెట్టు

డాన్యూబ్ మీది పొగమంచు మధ్యాహ్నమైనా విడవని మార్చి రోజుల్లో నెవేనా తన ఊరిని పెద్దది చేస్తూ కూర్చుంది. ఊరంటే తనుండే రూసె కాదు, కంప్యూటర్ తెర మీది ఊరు. ఇరవై ఏళ్ల కిందట, కాలేజీ రోజుల్లో, స్నేహితురాలు రాలిత్సాతో కలిసి ఓ ఆట కోసం చుక్క చుక్కా పేర్చి గీసింది. ఇల్లు, రాళ్ల బాట, నది, పూసిన ప్లమ్ చెట్టు, ఒక్కో బొమ్మా ఒక్కో గడి. గడులన్నీ పక్కపక్కన పరిస్తే ఊరు. ఆ వీధుల్లో ఇంతవరకూ ఎవరూ నడవలేదు. ఆట పూర్తయితే గదా!

ఎందుకు కాలేదో చెబితే నవ్వుతారు. మొదటి తెర మీద ఎవరి పేరు ముందుండాలి? అక్షరాల వరసలో నేను ముందు, అంది నెవేనా. వయసులో నేను ముందు, అంది రాలిత్సా. గోరంత మాట కొండంతయింది. రాలిత్సా పెళ్లాడి వర్నా వెళ్లిపోతూ, గడులున్న సీడీని తల్లి చేత పంపింది. నెవేనా దాన్ని సొరుగులో పడేసింది. అంతే, పంతొమ్మిదేళ్లు మాటల్లేవు.

ఇప్పుడు ఆ సీడీ తీసి, ఆటను ఒక్కతే పూర్తి చేస్తోంది. పేరు కూడా ఒక్కటే వేస్తుందట. సగంలో వదిలి పోయినవాళ్ల పేరెందుకు?

కొత్త ప్రోగ్రాముకు నలభై ఎనిమిది చుక్కల గడి కావాలి. ఇవేమో ముప్పై రెండు. ఒకటిన్నర రెట్లు పెంచుదామంటే అర చుక్కను ఎక్కడ పెడతాం? గోడలన్నీ అలుక్కుపోతాయి. కానీ అప్పట్లో ఇవి పదహారు చుక్కల బొమ్మలు. రెట్టింపు చేసింది తనే. మళ్లీ సగం చేసి, ఆపైన మూడింతలు చేస్తే గీత చెదరదు.

అలాగే చేసింది. ఊరు మెల్లగా పెరిగింది. రొట్టెల కొట్టు కిటికీ దగ్గర, చీజు పెట్టి కాల్చిన బానిత్సా వాసన వేసినట్టే ఉంది. మనసులోనే రాళ్ల బాట వెంట, ఇరవై ఏళ్ల పిల్లయి, పడవల రేవు దాకా నడిచింది. ఎదురుగా ఎవరూ రాలేదు. రాలిత్సా మీద బెంగ పుట్టింది. దాన్ని ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

చివరి గడిలో అదే ప్లమ్ చెట్టు రెండోసారి ఉంది. "ఈ రాలిత్సా పరధ్యానం పాడుగాను" అనుకుని చెరిపేయబోతూ, సీడీలోని పాత బొమ్మతో ఓసారి పోల్చి చూసింది. పాతదాంట్లో కొమ్మ చివర ఒక ఎర్ర చుక్క, పక్కన ఒక తెల్ల చుక్క. కొత్తదాంట్లో లేవు, సగం చేసినప్పుడు రాలిపోయినట్టున్నాయి. తెర మీది మరకేమోనని చేతి అంచుతో తుడిచింది. పోలేదు.

తను రెట్టింపు చేశాక ప్రతి చుక్కా నాలుగైంది. ఒంటి చుక్క ఉండే వీలే లేదు. అంటే తన తర్వాత ఎవరో పెట్టారు.

తుడిచిన చేతికేసి చూసుకుంది. ఏటా ఆనవాయితీగా మార్చి ఒకటిన కట్టుకునే ఎర్ర తెల్ల దారం ఇంకా మణికట్టునే ఉంది. కొంగో, పూసిన చెట్టో కనబడితే విప్పి కొమ్మకు కట్టాలి, ఏదో ఒకటి కోరుకోవాలి.

వర్నాకు ఫోన్ చేసింది.

"అలో?"

"చెట్టుకు దారం కట్టింది నువ్వేనటే?"

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"పంతొమ్మిదేళ్లకా చూసేది, మొద్దు మొహమా! నీకంటే కొంగలు నయం, ఏడాదికోసారైనా వస్తాయి."

"ఏం కోరుకున్నావే?"

"చెబితే ఫలించదు."

"చెప్పకపోతే ఫలించిందా?"

"ఇప్పుడు ఫలించిందిగా. ఫోన్ చేశావు."

నెవేనాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూడింతలైన ఊళ్లో ఆ రెండు చుక్కల్ని మాత్రం మునుపటంత సన్నగానే, చేత్తో మళ్లీ పెట్టింది.

"నీ పేరే పైన వేస్తున్నా, పెద్దదానివి గదా."

"అక్కర్లేదు. అక్షరాల వరసే వెయ్యి."

"వయసు వరసే వేస్తా."

"నా మాట ఎప్పుడు విన్నావు గనక!"

పొగమంచు విడిచేదాకా ఇద్దరూ దాని మీదే పోట్లాడుకున్నారు.